పుట్టిన ఒంటిని వదిలేసిన లినక్స్

1991లో హెల్సింకీ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ లినక్స్‌ను కేవలం ఇంటెల్ 386 ప్రాసెసర్ కోసమే రాశాడు. ఒక పని నుంచి మరో పనికి మారడానికి ఆ చిప్‌లో ఉన్న ప్రత్యేక ఏర్పాటునే వాడుకున్నాడు. ఇది వేరే యంత్రాలకు పనికిరాదని తనే చెప్పాడు. నాలుగేళ్లు తిరక్కుండానే అది డిజిటల్ కంపెనీ తయారుచేసిన 64 బిట్ల ఆల్ఫా మీద నడిచింది. 2013లో వచ్చిన 3.8వ వెర్షన్ అయితే అసలు 386నే వదిలేసింది.

పుట్టిన ఒంట్లోకి తిరిగి వెళ్లలేనిది ఇంకా అదే లినక్సా?

మన దార్శనికులు శతాబ్దాలుగా వాదించుకున్న ప్రశ్నే ఇది. పదార్థాలు పులిస్తే మత్తు పుట్టినట్టు చైతన్యం దేహంలోంచే పుడుతుందన్నారు చార్వాకులు. ఆత్మ నిత్యమనీ, శరీరం దానికి భోగస్థానం మాత్రమేననీ అన్నారు నైయాయికులు. 1967లో అమెరికన్ తత్వవేత్త హిలరీ పట్నం మరో దారి పట్టాడు. మానసిక స్థితిని నిర్ణయించేది అది చేసే పనే తప్ప, అది ఏ పదార్థంలో ఉందన్నది కాదన్నాడు. మనసు సాఫ్ట్‌వేర్ లాంటిదే, ఏ యంత్రంలోకైనా ఎక్కించవచ్చని ఇవాళ చాలామంది ధీమాగా అంటున్నది ఆ దారిలోనే. అలా అనేవాళ్లు ఒకసారి సాఫ్ట్‌వేర్ లోపలికి తొంగిచూడాలి.

లినక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్‌లో 'ఆర్క్' అనే ఫోల్డర్ ఉంది. ఇంటెల్, ఆర్మ్, రిస్క్-ఫైవ్ ఇలా ఒక్కో ప్రాసెసర్ కుటుంబానికి సంబంధించిన కోడ్ అందులో విడిగా ఉంటుంది. మిగతాదంతా అందరికీ ఉమ్మడి. దేహం ఇటు, ఆత్మ అటు అని గీత గీసినట్టే కనిపిస్తుంది. కానీ ఆ గీత నిలవదు.

ఒక ప్రాసెసర్ ముందు సమాచారం రాసి, తర్వాత దాని చిరునామాను బయటపెట్టిందనుకుందాం. ఇంటెల్ యంత్రంలో ఆ రెండు రాతలూ మిగతా ప్రాసెసర్లకు అదే వరసలో కనిపిస్తాయి. ఆర్మ్‌లో ఆ హామీ లేదు. ఆల్ఫా ఇంకా విడ్డూరం. కొత్త చిరునామా చదివి అక్కడికి వెళ్లినా పాత సమాచారమే కనబడవచ్చు! ఈ ఒక్క చిప్ వల్ల అదనపు కట్టుదిట్టాలు అవసరమయ్యాయి. అవి ఆల్ఫా ఫోల్డర్‌లోనే ఉండిపోలేదు, ఉమ్మడి కోడ్‌లోకీ చేరాయి. మెమరీ విషయంలో కెర్నెల్ రాసేవాళ్లు పాటించే నియమాల్లో ఆల్ఫా వాసన స్పష్టంగా ఉంది. ఆ చిప్‌ను ఎన్నడూ చూడని ఫోన్లలో నడిచే లినక్స్ కూడా ఆ నియమాలతోనే ఎదిగింది.

ఇక్కడ నైయాయికుల కంటే బౌద్ధ భిక్షువు నాగసేనుడే దగ్గరగా కనిపిస్తాడు. మళ్లీ పుట్టేవాడు అతడేనా, వేరొకడా అని మిళింద రాజు అడిగితే, అతడూ కాదు, వేరొకడూ కాదన్నాడు ఆ భిక్షువు. 1991 నాటి లినక్స్‌కూ ఇవాళ్టి లినక్స్‌కూ ఉన్న సంబంధం అదే. ఏ మార్పూ అంటని సారం ఒకటి దాటి రాలేదు. వచ్చింది ఒక పరంపర, దారిలో తగిలిన ప్రతి దేహం ముద్రనూ మోసుకుంటూ.

ముద్ర ఒకవైపే పడదు కూడా. 2020లో ఆపిల్ తన మ్యాక్‌లను ఇంటెల్ నుంచి ఆర్మ్ తరహా ఎం1 చిప్‌కు మార్చడం మొదలుపెట్టినప్పుడు, పాత ప్రోగ్రాములను రోసెట్టా 2 అనువదించి నడిపింది. అవి ఇంటెల్ వరసకు అలవాటుపడినవి. అందుకని ఆపిల్ ఎం1 సిలికాన్‌లోనే ఆ వరసను పాటించే ఏర్పాటు చేసింది. అనువదించిన ప్రోగ్రామ్ నడుస్తున్నంతసేపు ఆ చిప్ మెమరీ రాతలను ఇంటెల్ వరసలోనే చూపిస్తుంది, సొంత ప్రోగ్రాముల దగ్గర మళ్లీ ఆర్మ్ పద్ధతికి వస్తుంది.