కొండ యాత్రయు, డోలీ ధర్మమును

యానాము, బరంపురము, చెన్నపట్టణము వంటి తీరప్రాంతములలో పుట్టి పెరిగినవారికి నడక కొత్త కాదు. తెల్లవారుజామున రెండు మూడు మైళ్లు నడచివచ్చి అంగడి తెరచువారు చాలమంది కలరు. అట్టివారే శ్రవణబెళగొళమునకు పోయి, వింధ్యగిరి మొదటి నూరు మెట్లకే బండను ఆనుకొని నిలబడిపోవుదురు. ఆ కొండ పెద్దదియా అన్న, కాదు. క్రింది నేలనుండి దాదాపు 470 అడుగులు. మెట్లు సుమారు 650. అయినను నడక అలవాటున్న కాళ్లు అక్కడ మొరాయించును.

కారణము తెలిసికొనుట కష్టము కాదు. చదునునేలపై మనిషి తన బరువును ముందునకు జరుపుకొనును. కొండపై దానిని పైకి ఎత్తుకొనవలెను. బియ్యపు బస్తాను బండిపై తోసికొనిపోవుటకును, అటకమీదికి ఎత్తుటకును గల భేదమే యిది. 70 కిలోల మనిషి వింధ్యగిరి ఎక్కెనన్న, 70 కిలోల బస్తాను 470 అడుగుల ఎత్తునకు చేర్చినట్లు. ఆ పని తొడలును, పిక్కలును చేయవలెను. వాటికి రక్తమందించుటకు గుండె వడి హెచ్చవలెను. ఊపిరి అందకపోవుట అందువలననే గాని ఆ మాత్రపు ఎత్తున గాలి పలుచనగుటవలన కాదు.

దిగుట సుళువని తలచువారు మరునాడు తెలిసికొందురు. నిండుకడవను త్రాటితో బావిలోనికి మెల్లగా దించువాని చేతులు ఎట్లు లాగుకొనిపోవునో, దిగునపుడు తొడ కండరములు అట్లే సాగుచు బరువును ఆపుచుండును. ఎక్కుటకంటె ఈ పనియే కండరములను ఎక్కువ నొప్పించును. ఆ నొప్పి ఒకటి రెండు దినములు ఆలస్యముగా వచ్చును. మోకాళ్లు చెడినవారికి దిగుటయే అసలు పరీక్ష.

వింధ్యగిరి సంగతి ఇట్లుండగా పెద్ద తీర్థముల మాట చెప్పనక్కరలేదు. పాలితానాలో శత్రుంజయమునకు 3,000 పైచిలుకు మెట్లు. 20 మంది తీర్థంకరులు నిర్వాణమందిన సమ్మేదశిఖరములో ఎక్కుట, టోంకుల దర్శనము, దిగుట కలిపి 27 కిలోమీటర్లు. యాత్రికులు మధువనమునుండి అర్ధరాత్రి దాటగానే బయలుదేరుదురు, చాలమంది వట్టికాళ్లతో.

అలసినవాని యెదుట డోలీ వచ్చి నిలుచును. కఱ్ఱకు వ్రేలాడగట్టిన చిన్న పీటపై యాత్రికుడు కూర్చుండును; ఇరువురో నలుగురో భుజములకెత్తుకొందురు. గిర్నారు పాదమున యాత్రికుని కాటాలో కూర్చుండబెట్టి తూచి, బరువునుబట్టి కూలి నిర్ణయించు ఆచారము కలదు. జీవితమంతయు పరుల సరుకు తూచిన వర్తకుడు అక్కడ తానే సరుకగును. సిగ్గుపడువారు కలరు, నవ్వుకొనువారు కలరు. అక్కడను బేరమునకు దిగువారు కలరు.

చీమ కాలిక్రింద పడునేమోయని చూచి అడుగువేయుమను ధర్మము, భుజముమీద పడు బరువును లెక్కకు తీసికొనదా? తీసికొనును. తత్త్వార్థసూత్రము ఏడవ అధ్యాయమున గృహస్థుని అహింసాణువ్రతమునకు చెప్పిన అయిదు అతిచారములలో అతిభారారోపణ మొకటి. కట్టివేయుట, కొట్టుట, అవయవములు కోయుట, అన్నపానములు మాన్పుట, వీని సరసనే శక్తికి మించిన బరువు మోపుటయు చేర్చబడినది. సామాన్యముగా ఈ మాటను ఎద్దులకు, గుర్రములకు చెప్పి ఊరకుందురు. మోయువాడు మనిషియైనంతమాత్రమున, కూలి పుచ్చుకొన్నంతమాత్రమున, బరువు తగ్గునా? 1967లో అంతర్జాతీయ కార్మిక సంస్థ, పెద్ద మగవాడు మోయు బరువు 55 కిలోలకు మించరాదని సిఫారసు చేసినది. 85 కిలోల యాత్రికుని ఇరువురు మోసినచో తలకు 42½ కిలోలు. పీట, కఱ్ఱ అదనము. కాగితముమీద లెక్క సరిపోవును. కాని గోదాములో పది గజములు మోయుట వేరు, 3,000 మెట్లు మోయుట వేరు.

డోలీ ఎవ్వరును ఎక్కకున్న ఆ కూలీల పొయ్యిమీదికి కుండ యెట్లెక్కునని అడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. డోలీ ఉండవలెననుటకు అది చాలును. ఎవరు ఎక్కవలెనో అది చెప్పదు. అరిగిన మోకాళ్లతో, చచ్చులోపల ఒక్కసారి శిఖరదర్శనము చేయవలెనని జీవితమంతయు కోరుకొన్న 75 ఏండ్ల తల్లి డోలీ ఎక్కిన, తప్పుపట్టువానిదే తప్పు. షోడశభావనలలో త్యాగతపస్సులు శక్తిననుసరించియే చెప్పబడినవి గాని, శక్తి లేనివారిని తీర్థమునుండి వెడలగొట్టుటకు చెప్పబడలేదు. ఆమె కుమారుడు చేయవలసినది కూలి తెగ్గోయకుండుట, ఫలహారపు సంచులు డోలీలో పెట్టక తాను మోసికొనుట, మోయువారు దింపుకొనుమన్నచోట దింపనిచ్చుట.

40 ఏండ్లవాడు, ఏ వ్యాధియు లేనివాడు, ఏడాది పొడుగున గద్దెమీదనుండి కదలనివాడు, రైలు టికెట్టు కొన్న నాటినుండి ఒక్క మేడమెట్టయినను ఎక్కి చూడనివాడు డోలీ ఎక్కుట వేరు సంగతి. అతని అజాగ్రత్త ఇంకొకని భుజముమీద పద్దుగా పడుచున్నది. కొండలేని ఊరివారికి కొండ ఎక్కుట నేర్చు వీలు లేదనుట సాకు. రెండు మూడు నెలలు ముందుగా మేడమెట్లు దినమున కొన్నిసార్లు ఎక్కి దిగి, వారమువారము కొంచెము పెంచిన కాళ్లు తయారగును. దిగుట మాత్రము మరువరాదు. కొండపై, ప్రక్కవానితో ఒక వాక్యము పూర్తిగా పలుకలేనంత ఆయాసము వచ్చినచో వడి తగ్గించుకొనవలెను. రొమ్ము నొప్పి, కండ్లు తిరుగుట కలిగిన ఆగి దిగిపోవలెను.

ఉపవాసపు మాట చెప్పిన కొందరికి కష్టము తోచవచ్చును. కొండకు అలవాటుపడినవారు నీరు ముట్టక శిఖరయాత్ర ముగించుట గొప్పయే. మొదటిసారి వచ్చిన తీరవాసి దానిని చూచి నిర్జలవ్రతము పట్టి, సగము దారిలో సొమ్మసిల్లి, నలుగురి భుజములపై దిగిన, ఆ వ్రతములో ఎవరి శ్రమ యెంతయో లెక్కచూచుకొనవలసియుండును. వ్రతము ఒకనాడు, కొండ వేరొకనాడు పెట్టుకొన్నచో ఏ నియమమునకును లోపము రాదు.

గిర్నారులో 2020 అక్టోబరునుండి తీగమార్గము నడచుచున్నది. భుజముల ప్రశ్న ఇక తీరినదని కొందరు సంతోషించిరి. కాని ఆ తీగబండి దించునది అంబాజీ శిఖరమువద్ద. నేమినాథుని ఆలయము అంతకు క్రిందనున్నది. జైనయాత్రికుడు అక్కడనుండి సుమారు వేయి మెట్లు కాలినడకన దిగి, దర్శనమైన పిదప తీగబండికై మరల ఆ మెట్లన్నియు ఎక్కవలెను. లేదా కొండ పాదమువరకు దిగిపోవలెను. చదునునేల మోకాళ్లకు ఆ మెట్లవద్దనే డోలీ మరల జ్ఞాపకము వచ్చును.