పేరు చెక్కిన బిందె

మా ఇళ్ళల్లో ఓ అలవాటుంది. పెళ్ళికి స్టీలు సామాను చదివిస్తే దానిమీద పేరు చెక్కించకుండా ఇవ్వరు. పోయినేడు మా తోడల్లుడి కూతురి పెళ్ళికి మేమూ ఓ బిందె కొన్నాం. దంపతులిద్దరి పేర్లూ, తారీఖుతో సహా, అంచుకింద చెక్కించి మరీ ఇచ్చాం.

ఆర్నెల్లు తిరక్కుండా ఫోనొచ్చింది. "పెదనాన్నా! మీరిచ్చిన బిందె అడుగున కారుతోంది."

చేసింది మేం కాదు. అమ్మింది మేం కాదు. అయినా కారుతున్నది మాత్రం "మీరిచ్చిన బిందె!" పేరు చెక్కించకపోతే ఈ మాట పడేవాళ్ళమే కాదని మా ఆవిడ సణుక్కుంది.

ఆ సణుగుడు వింటూంటే నాకు అమెరికాలో ఓ పెద్దమనిషి గుర్తొచ్చాడు. ఆయన పేరు రిచర్డ్ హిప్. ఆయన చేసింది బిందె కాదు, డేటాబేస్. డేటాబేస్ అంటే కంగారు పడకండి. సమాచారాన్నంతా పట్టీలు కట్టి దాచిపెట్టి, అడిగిన ముక్క అడగ్గానే తీసిచ్చే కంప్యూటర్ ప్రోగ్రాం. బుద్ధిమంతుడైన రికార్డుల గుమాస్తా అనుకోండి.

హిప్ అప్పట్లో అమెరికా నౌకాదళం వారి యుద్ధనౌక ఒకదానికోసం ప్రోగ్రాం రాస్తుండేవాడు. దానికి కావలసిన సమాచారం వేరే డేటాబేస్ సర్వర్లో ఉండేది. ఆ సర్వర్ మొరాయించినప్పుడల్లా, సమాచారం అందడంలేదని హిప్ ప్రోగ్రాం తెరమీద చెప్పేది. తప్పు సర్వర్‌ది. కానీ ఆ కబురు చెప్పింది ఇతని ప్రోగ్రాం కనక, అక్షింతలు ఇతనికి! విసిగిపోయి, "అసలు సర్వరే అక్కర్లేని డేటాబేస్ ఎందుకుండకూడదు?" అనుకున్నాడు. ఆ ఆలోచన 2000 ఆగస్టులో ఎస్‌క్యూలైట్ అనే పేరుతో బయటికొచ్చింది.

మీరు ఈ పేరు విని ఉండకపోవచ్చు. కానీ అది మీ ఇంట్లోనే ఉంది. ఆండ్రాయిడ్ ఫోనైనా, ఐఫోనైనా, మీ చుట్టాల నంబర్లూ వాళ్ళు పంపిన మెసేజీలూ దాచిపెట్టేది అదే.

ఇంత చేసి ఆయన అట్టేపెట్టుకున్న హక్కులేమిటయ్యా అంటే, ఏమీ లేవు. అన్నీ లోకానికి వదిలేశాడు. పుస్తకాల్లో "సర్వహక్కులూ రచయితవి" అని వేస్తారు చూడండి, ప్రోగ్రాంలో అలాంటి హెచ్చరిక ఉండవలసిన చోట ఓ చిన్న దీవెన రాశాడు. మంచి చెయ్యమనీ, క్షమించడం నేర్చుకోమనీ, ఇచ్చినదాన్ని మించి పుచ్చుకోవద్దనీ దాని సారాంశం.

ఇందులో ఓ తమాషా ఉంది. ఆ ప్రోగ్రాంలో చెయ్యిపెట్టిన వాళ్ళందరూ "మా హక్కులు వదులుకుంటున్నాం" అని కాగితాలమీద సంతకాలు చేశారు. ఆ కాగితాలను మాత్రం నిప్పుకి కాలని ఇనప్పెట్టెలో భద్రంగా దాచారు! ఊరికే ఇస్తే నమ్మని కంపెనీలు కూడా ఉంటాయి కదా. వాళ్ళ లాయర్ల తృప్తికోసం, హక్కుల పేచీ రాదని ఓ హామీపత్రం డబ్బుకి అమ్ముతారట. ఇవ్వడం తేలికే. ఇచ్చామని నమ్మించడమే కష్టం.

అదలా ఉంచండి. వైరస్‌ని పట్టే ప్రోగ్రాములమ్మే కంపెనీ ఒకటి, ఈ ఎస్‌క్యూలైట్‌ని తన సరుకులో వాడుకుంది. అది జనం కంప్యూటర్లలో ఎస్‌క్యూలైట్ అన్న పేరుతో ఏవో తాత్కాలిక ఫైళ్ళు పడేసేది. ఈ చెత్తేమిటని జనానికి ఒళ్ళు మండింది. ఇంటర్నెట్‌లో ఆ పేరు వెతికి, తయారుచేసినవాళ్ళ టెలిఫోన్ నంబర్లు పట్టుకుని, రాత్రిపూట నిద్రలేపి మరీ కడిగేసేవారు. పాపం, ఊరికే ఇచ్చినందుకు!

చివరికి 2006లో ఆ ఫైళ్ళ పేరు తిరగేశారు. ఎస్, క్యూ, ఎల్, ఐ, టి, ఇ కాస్తా ఇ, టి, ఐ, ఎల్, క్యూ, ఎస్ అయి కూచుంది.

ఇప్పుడు చెప్పండి, అది తప్పా? మెప్పుకి పేరు కావాలి, తిట్టుకి పేరు వద్దు అనడం మనందరం చేసే పనే. హిప్ కూడా అంతేనా అని మొదట నాకూ అనిపించింది. కానీ ఎందుకు తిరగేశారో ఆ ప్రోగ్రాంలోనే దాపరికం లేకుండా రాసిపెట్టారు. పైగా 2050 దాకా దీన్ని కనిపెట్టుకుని ఉండాలని సంకల్పం చెప్పుకున్నారు. అంటే తప్పించుకున్నది తమది కాని నిందని. తమదైన పూచీని కాదు. హక్కు వదిలేసి పూచీ ఉంచుకోవడం అందరివల్లా అయ్యే పని కాదు.

మరి హక్కు అమ్మేసుకుంటే? దానికీ ఓ కథ ఉంది. ఫిన్లండ్ దేశస్థుడు మాంటీ విడెనియస్, మరికొందరితో కలిసి 1995లో మై ఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ తయారుచేశాడు. మొదట్లో ఉన్న రెండక్షరాలూ ఆయన పెద్దకూతురి పేరు. ఇంగ్లీషులో చదివితే మాత్రం "నాది" అని అర్థమొస్తుంది. ఆ "నాది" కాస్తా 2008లో సుమారు 100 కోట్ల డాలర్లకు సన్ కంపెనీ పరమైంది. ఆ సన్‌ని 2010లో ఆరకిల్ కొనేసింది. ఆరకిల్ డేటాబేసుల వ్యాపారంలో ఆరితేరిన కంపెనీ. కూతురి పేరు పెట్టుకున్నది కాస్తా పోటీదారు ఇంటికి చేరింది.

డబ్బు ముట్టింది కదా, చేతులు దులుపుకోవచ్చు. ఆయన దులుపుకోలేకపోయాడు. ఆ ప్రోగ్రాంని ఎవరైనా తీసుకుని మార్చుకోవచ్చు, పేరు మాత్రం వాడుకోకూడదు. అంచేత ఆరకిల్ బేరం నడుస్తుండగానే, 2009లో, అదే ప్రోగ్రాం తీసుకుని వేరే సాకడం మొదలుపెట్టాడు. దానికి చిన్నకూతురు మరియా పేరు పెట్టాడు. ఆవుని అమ్ముకున్నాక పాలకోసం ఏడవడమేమిటని మీరడగొచ్చు. న్యాయమే. కానీ హక్కుని రాసిచ్చినంత తేలిగ్గా మమకారాన్ని రాసివ్వడానికి స్టాంపు కాగితాలు లేవు.

ఈ కథలన్నీ చెప్తే మా ఆవిడ శ్రద్ధగా విని, "అయితే మన పేర్లూ తిరగేసి చెక్కించాల్సింది" అంది.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. చదివించేశాక ఆ బిందెమీద మాకే హక్కూ లేదు. అయినా పోయిన ఆదివారం ఇద్దరం వెళ్ళి దాన్ని తెచ్చి వెల్డింగు షాపులో ఇచ్చాం. అతుకు వేశాక కుర్రాడు, "ఎలాగూ పాలిష్ పెడుతున్నాగా, ఈ పేర్లు కూడా అరగదీసెయ్యమంటారా మాస్టారూ?" అన్నాడు.

నేను మా ఆవిడకేసి చూశాను.

"వద్దు నాయనా, ఉండనీ" అంది. "మళ్ళీ కారితే ఆ పిల్ల ఎవరితో చెప్పుకుంటుంది?"