దర్శనాపేక్ష

దర్శనమనగా కంటితో చూచుట మాత్రమే కాదని వైష్ణవ గృహములలో పసివారికి సైతము తెలియును. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతముల నుండి తిరుమలకు బయలుదేరు యాత్రికులలో పెక్కురు ముందుగా దేవుని కడపలో శ్రీ లక్ష్మీవేంకటేశ్వరుని సేవించి, తొలి గడప దాటినట్లు భావించి సాగిపోవుదురు. అచ్చట భక్తుడు స్వామిని చూచును. స్వామియు భక్తుని చూచును. రెండవది లేనిచో మొదటిది వట్టి చూపు.

నేడు వేరొక యాత్రయు ప్రబలినది. విదేశములలో ఉద్యోగములు చేయు ఈ సీమ బిడ్డలు తల్లిదండ్రులను వెంటబెట్టుకొని కెన్యాలోని మసాయి మారాకో, టాంజానియాలోని సెరెంగెటీకో పోయి సింహములను, ఏనుగులను చూచి వచ్చుచున్నారు. 'సఫారీ' యను స్వాహిలీ పదమునకు ప్రయాణమనియే అర్థము. సముద్రము దాటి, దుమ్ములో గంటల తరబడి వేచిన పిదప చెట్టునీడన పరున్న సింహము కంటబడినచో, అప్రయత్నముగా చేతులు జోడించు వృద్ధులుందురనిన వింత లేదు. కాని ఆ సింహము వారిని లెక్కగొనదు. వారు వచ్చిన దూరముతో దానికి పని లేదు. మరి దీనిని దర్శనమనవచ్చునా, వినోదమనవలెనా?

గోవునందును, ఏనుగునందును, శునకమునందును పండితుడు సమముగా చూచునని భగవద్గీత అయిదవ అధ్యాయము చెప్పుచున్నది. అచ్చట ప్రశంస చూడబడు ప్రాణికి కాదు, చూచు దృష్టికి. అపురూపమైనదానికే విలువ కట్టు కన్ను వేరు. పులిమందల యను మాటయే పులివెందుల యయ్యెనని పెద్దలందురు. పేరులో పులి నిలిచినది, పొలిమేరలో లేదు. ఉన్ననాడు దానిని చూడగోరినవారెందరో, తరుమగోరినవారెందరో!

దూరము పోనక్కరలేని దృష్టాంతము ఈ జిల్లాలోనే కలదు. కలివికోడి జానెడుకు కొంచెము మించిన పక్షి. ముండ్లపొదల నడుమ రాత్రివేళ తిరుగును. 1848లో శాస్త్రగ్రంథములకెక్కిన ఈ పక్షి 1900 తరువాత శాస్త్రజ్ఞుల కంటబడకపోగా, అంతరించినదనియే తలచిరి. 1986 జనవరిలో లంకమల అడవుల చెంత, ఒక రాత్రి దీపపు వెలుగులో అది చిక్కినది. బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమువారి అన్వేషణ ఫలించినది. అయితే పట్టిన పక్షి చెరలో బ్రతుకలేదు.

ధర్మసందేహమిచ్చటనే పుట్టుచున్నది. ఎనుబదియారేండ్లు ఎవరి కంటను పడక బ్రతికిన జాతిలో ఒక ప్రాణి, చూడవలెనను కోరికకే బలియైనది. ఇది హింస కాదనుటకు నోరాడదు. కాని ఆ రాత్రి అది చిక్కకున్నచో 1988లో శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యము ఏర్పడియుండునా? తెలుగుగంగ కాలువ త్రవ్వకము దాని తావులను సమీపించి వివాదము రేగినపుడు, తుదకు కాలువ దారి మార్చబడియుండునా? ఆ కాలువ నీరు సామాన్యమైనది కాదు. కరవు సీమకు, చెన్నపట్టణపు దాహమునకు ఉద్దేశింపబడినది. రైతు దప్పికను తక్కువచేసి పక్షిని పొగడుట పుణ్యము కానేరదు. దారి మరలించుటకు వీలున్నది గనుక మరలించిరి. వీలు లేనిచోట ఏమి చేయవలెనో ఆ ఉదంతము చెప్పదు. ఒక ప్రాణి మరణము వలన కలిగిన మేలు, పట్టినవాని దోషమును తుడుచునని చెప్పుట మాత్రము తొందరపాటు. మేలు మేలే, దోషము దోషమే. రెండును ఒకే ఖాతాలో కూడవు.

తరువాతి పరిశోధకులు వేరొక త్రోవ పట్టిరి. పొదల నడుమ మెత్తని మన్ను పట్టీలుగా పరచి, పక్షిని పట్టక, వెంటాడక, అడుగుల గుర్తులకై వెదకిరి. తిరుమలలో నారాయణగిరి ఎక్కి శ్రీవారి పాదములను సేవించు యాత్రికునకు ఈ పద్ధతి క్రొత్తగా తోచదు. అడుగుజాడ కనబడిన చాలును, వచ్చినవాడు వచ్చినట్లే. లంకమలలో అట్లే రాత్రి గడచిన పిదప వారు మన్నుపై వంగి, వెనుకవ్రేలు లేని మూడువ్రేళ్ల గుర్తు కొరకు చూచెడివారు.