మార్కుల పత్రం తాకట్టు వస్తువా?

దివాలా అన్న మాట మనం పైకి అనం. ఎవరికో నయంకాని జబ్బు చేసినట్టు గొంతు తగ్గించి చెప్పుకుంటాం. ఇక్కడ, అమెరికాలో, నేనెరిగిన ఒక తెలుగు కుటుంబానికి ఆ గతి పట్టింది. వ్యాపారం మునిగింది. ఆస్పత్రి బిల్లులు పేరుకున్నాయి. పెద్దమ్మాయి చదివే ప్రైవేటు బడికి రెండు టర్ముల ఫీజు బాకీ. దివాలా కోర్టులో చాప్టర్ 7 కింద పిటిషన్ వేశారు. కాలేజీకి పంపవలసిన మార్కుల పత్రం అడిగితే, బాకీ తీర్చేదాకా ఇవ్వమన్నది బడి.

"తప్పేముందండీ? మన ఊళ్ళో ఫీజు కట్టందే టి.సి. ఇచ్చేవారా?" అన్నారొక మిత్రులు. ఇచ్చేవారు కాదు, నిజమే. (అక్కడా 2009 నాటి విద్యాహక్కు చట్టం ఎనిమిదో తరగతి దాకా టి.సి. వెంటనే ఇవ్వాలంటోంది.) పాత అలవాటైనంత మాత్రాన న్యాయమైపోదు.

బంగారం తాకట్టు పెట్టుకున్నవాడు, అప్పు తీరకపోతే దాన్ని అమ్ముకుని డబ్బు రాబట్టుకుంటాడు. ఈ పిల్ల ఆల్జీబ్రా మార్కులను ఎవరికి అమ్ముతారు? ఆ కాగితానికి బడి చేతిలో ఉన్న విలువ ఒక్కటే: పిల్ల ఏడిస్తే తండ్రి ఎక్కడినుంచైనా తెచ్చి కడతాడని. ఫీజు ఒప్పందం మీద సంతకం చేసింది తండ్రి. పరీక్షలు రాసింది కూతురు.

ఇక్కడి చట్టం దీన్ని మరోవైపునుంచి చూస్తుంది. పిటిషన్ పడిన క్షణం నుంచి పాత బాకీల వసూళ్ళు ఆగాలి. ఉన్నదాన్ని బాకీదార్లు వరుసలో నిలబడి పంచుకోవాలి. పత్రం బిగపట్టడం కూడా వసూలు ప్రయత్నమేనని 2009లో ఏడవ సర్క్యూట్ అప్పీలు కోర్టు ఒక విశ్వవిద్యాలయం విషయంలో తీర్పు చెప్పింది. (చదువుకోసం తీసుకున్న రుణాల సంగతి వేరు, అవి దివాలాలో అంత సులభంగా పోవు. ఇది రుణపత్రమేమీ లేని ఫీజు బాకీ.) బిడ్డను అడ్డుపెట్టుకున్న బడి వరుస తప్పి ముందుకొస్తుంది. బిగపట్టడానికి ఏమీలేని ఆస్పత్రి, కిరాణా కొట్టు వెనకే ఉండిపోతాయి.

అయినా బడి పక్షాన చెప్పవలసింది లేకపోలేదు. అది చిన్న బడి. టీచర్ల జీతాలు ఆ ఫీజుల్లోంచే రావాలి. చెప్పిన పాఠాన్ని వెనక్కి తీసుకోలేరు కదా. నేను తడబడేది ఇక్కడే.

వకీలు ఉత్తరం రాశాక పత్రం వచ్చింది, అమ్మాయి కాలేజీలో చేరింది. కోర్టు బాకీలు కొట్టివేసింది. కొట్టివేసిన బాకీని ఇష్టపూర్వకంగా తీరిస్తే చట్టం అడ్డుచెప్పదు. ఆ తండ్రి ఇప్పుడు నెలనెలా బడికి యాభై డాలర్లు పంపుతున్నారు. "మరి ఆస్పత్రికో?" అని భార్య అడిగారట. ఆ మాట నాకు చెప్పారే గాని, తానేం జవాబిచ్చారో చెప్పలేదు.