అందరూ కొత్తవాళ్లే

1974 సెప్టెంబరు 25, సాయంత్రం. అమెరికాలోని శాన్ డియాగోలో, మిషన్ బే ఒడ్డున 46 మంది పోటీకి నిలబడ్డారు. పరుగు, సైకిలు, ఈత అన్నీ ఒకే పందెంలో! జాక్ జాన్‌స్టోన్, డాన్ షానహాన్ దాన్ని ఏర్పాటు చేశారు. నేటి ట్రయథ్లాన్‌కు నాంది అదే కాబట్టి, అక్కడ అనుభవం ఉన్నవాడు ఒక్కడూ లేడు. పొద్దుగూకాక కూడా కొందరు ఈదుతూనే ఉన్నారు. వాళ్లకోసం ఒడ్డున కార్ల హెడ్‌లైట్లు వెలిగించారు.

ఆ గుంపులో జాన్ కాలిన్స్, జూడీ దంపతులూ ఉన్నారు. 1978లో హవాయిలో ఐరన్‌మ్యాన్ అనే సుదీర్ఘ ట్రయథ్లాన్ మొదలుపెట్టింది వాళ్లే. ఆ తొలిసారి బయల్దేరింది 15 మంది, పూర్తిచేసింది 12 మంది.

ఇప్పుడు కొత్తవాళ్లు ఎక్కువగా స్ప్రింట్ అనే చిన్న ట్రయథ్లాన్‌తో మొదలుపెడతారు: 750 మీటర్ల ఈత, 20 కిలోమీటర్ల సైకిలు, 5 కిలోమీటర్ల పరుగు. అసలు భయమంతా నీళ్లదే. ఈతకొలనులోలా చెరువులో అడుగున గీత కనపడదు, పట్టుకోడానికి గోడ ఉండదు, పక్కవాడి కాలు మొహానికి తగలొచ్చు. అయితే రొప్పు వస్తే కాపలా పడవను పట్టుకుని ఆగొచ్చు, నిబంధనలు ఒప్పుకుంటాయి. దాని సాయంతో ముందుకు జరగకూడదు, అంతే. ఈ సంగతి తెలియక ఎంతమంది దరఖాస్తే పెట్టరో!

ఒడ్డెక్కాక హెల్మెట్ పట్టీ బిగించేదాకా సైకిలును స్టాండు నుంచి తీయకూడదు. సైకిలు దిగి పరుగందుకుంటే కాళ్లు కాసేపు మాట వినవు. అందుకే సాధనలోనే సైకిలు తొక్కిన వెంటనే కాస్త పరుగెత్తమంటారు శిక్షకులు. బూట్లు మార్చుకునే సమయమూ పోటీ లెక్కలోదే కనుక, చాలామంది కట్టనక్కర్లేని సాగే లేసులు వేసుకుంటారు.