రబ్బరు ముక్క ఖరీదు

మొన్న ఎండాకాలంలో ఒక పొద్దున నా లాప్‌టాప్ లేవలేదు. బటన్ నొక్కితే లైటు వెలుగుతోంది, లోపల ఫ్యాను తిరుగుతోంది, తెర మాత్రం నల్లగానే ఉంది. పదేళ్ల రాతలు అందులోనే ఉన్నాయి. దాన్ని సంచిలో పెట్టుకుని నరసరావుపేటలో ఒక చిన్న రిపేరు కొట్టుకు పరిగెత్తాను.

ఆ కుర్రాడు ముందే స్క్రూడ్రైవరు తియ్యలేదు. "కింద పడిందా మాస్టారూ? నీళ్లేమన్నా ఒలికినయ్యా?" అని అడిగాడు. వేరే మానిటరు తగిలించి చూశాడు. అందులోనూ ఏమీ రాలేదు. అంటే తప్పు తెర ఒక్కదానిదే కాదన్నమాట. ఛార్జరు పీకి, బ్యాటరీ ఊడదీసి, లోపల మిగిలిన కరెంటు పోయేలా బటన్‌ను అరనిమిషం నొక్కిపట్టాడు. ఉహూఁ. చివరికి ర్యామ్ తీసి, దాని అంచున వరసగా ఉండే బంగారు రంగు గీతలను, పిల్లలు పెన్సిలు రాత చెరుపుకునే రబ్బరుతో మెల్లగా రుద్ది, మళ్లీ బిగించాడు. తెర వెలిగింది.

"ఆన్ కాగానే మెషిను ముందు దాని మెమరీని అది పలకరించుకుంటది మాస్టారూ. అది పలక్కపోతే ముందుకు పోదు. దుమ్ము పట్టి ఉంటది, అంతే."

మూడొందలు అడిగాడు. "రబ్బరుతో తుడిచినందుకు మూడొందలా?" అన్నాను. "మీ ఇష్టం మాస్టారూ" అన్నాడు. రెండొందలిచ్చి వచ్చేశాను.

దారిలో ఒక సంగతి తట్టింది. "మదర్‌బోర్డు పోయింది, ఎనిమిది వేలవుతుంది" అని అతను చెప్పి ఉంటే? మొహం వేలాడేసుకునైనా ఇచ్చేవాణ్ణి. పైగా నా రాతలు దక్కించాడని దణ్ణం పెట్టేవాణ్ణి. అబద్ధానికి ఎనిమిది వేలిచ్చే మనిషికి నిజానికి మూడొందలు ఎక్కువనిపించింది!

వస్తువుకీ, కారిన చెమటకీ వెల కట్టడం మనకు తెలుసు. ఎక్కడ చెయ్యి పెట్టాలో తెలిసిన తెలివికి వెల కట్టడమే రాదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం, చెప్పాల్సిన సంగతిని కావాలని దాచడాన్ని కూడా సేవాలోపం కిందే లెక్కగట్టింది. మంచిదే. కానీ లోపల ఏది పాడైందో తెలియని నాకు, దాచారని మాత్రం ఎలా తెలుస్తుంది? తెలియనివాడికి చివరికి దిక్కు తెలిసినవాడి మనస్సాక్షే.

నిజాయితీగా ఉండటం వాడి ధర్మం కదా, దానికి విడిగా డబ్బులెందుకు అంటారేమో. నిజమే, బహుమానం ఇవ్వనక్కర్లేదు. కానీ నిజం చెప్పినందుకు నష్టపోకూడదు కదా! నేను బేరమాడి మిగుల్చుకున్న వంద రూపాయలు ఆ కుర్రాడికి ఒక పాఠం చెప్పాయి: ఈసారి ఏదో పెద్దదే పోయిందని చెప్పు, నోరెత్తకుండా ఇస్తారు. లోకంలో మోసం పెరిగిపోయిందని అరుగుల మీద కూర్చుని వాపోయే మనం, దాని పెట్టుబడిలో మన వంతు ఇలా పెడుతూనే ఉంటాం.

సాయంత్రం వెళ్లి వంద చేతిలో పెట్టాను. "దేనికి మాస్టారూ?" అన్నాడు. "పొద్దుటి బాకీ" అన్నాను. జేబులో పెట్టుకుని, రాతలన్నీ ఇంకో డిస్కులో కూడా కాపీ చేసుకొమ్మని చెప్పాడు. ఆ సలహాకు డబ్బులడగలేదు.