కంటి మందుకు రెండు ధరలు

షుగరు వ్యాధి చాలాకాలం ఉన్నవారిలో కంటి వెనుకనున్న రెటీనా పొరలోని సన్నని రక్తనాళాలు పాడై కారుతాయి. దీనికి నేడు ముఖ్యమైన చికిత్స కంటిలోపలికి ఇచ్చే ఇంజెక్షను. అయితే ఆ మందు కొన్ని వారాలకే కంటిలోనుంచి పోతుంది. అందుచేత మొదట్లో నెలనెలా ఆస్పత్రికి వెళ్లవలసిందే. వెళ్లేది రోగి ఒక్కరే కాదు, చేయిపట్టి నడిపించే కొడుకో కూతురో ఆనాటి కూలి వదులుకొని వెంట రావాలి. మధ్యలో మానేస్తే చూపు మళ్లీ తగ్గవచ్చు. "అశ్రద్ధ" అని మనం తేలికగా అనేస్తాం గానీ, చాలాసార్లు అది బస్సు చార్జీల లెక్క.

శాస్త్రజ్ఞులు నానో కణాల మీద పరిశోధన చేస్తున్నది ఇందుకే. వెంట్రుక మందంలో అయిదువందలవ వంతో వెయ్యోవంతో ఉండే గుళికల్లో మందును ఇమిడ్చితే, అది నెలల తరబడి కొద్దికొద్దిగా విడుదలవుతుందని వారి ఆశ. ఇందుకు వాడే పదార్థాల్లో ఒకటి, ఆపరేషను తరువాత ఒంట్లోనే కరిగిపోయే కుట్లదారానికి వాడేదే. ఈ వ్యాధికి ఇది ఇంకా చాలావరకు ప్రయోగశాలల్లోనే ఉంది. దానికోసం ఎదురుచూస్తూ ఈ నెల ఇంజెక్షను మానుకోకండి.

అది వచ్చిననాడు ఎవరికి అందుతుంది? ఇప్పుడే అడగడం తొందరపాటు కాదు. అమెరికాలో ఏం జరిగిందో చూడండి. అవాస్టిన్ అనే మందును 2004లో పెద్దప్రేగు క్యాన్సరుకు అనుమతించారు. 2005లో మయామీ వైద్యుడు ఫిలిప్ రోజెన్‌ఫెల్డ్ దానిని వృద్ధుల్లో రెటీనా కింద రక్తనాళాలు కారే జబ్బుకు వాడి చూడగా గుణం కనిపించింది. 2006లో అదే జెనెంటెక్ కంపెనీ, ఆ మందుకు దగ్గరి చుట్టంలాంటి లూసెంటిస్‌ను కంటికోసమని తెచ్చింది. దాని డోసు సుమారు 2,000 డాలర్లు. అవాస్టిన్‌ను చిన్న సిరంజిల్లోకి పంచితే డోసు సుమారు 50. రెండింటినీ పోల్చే పరీక్షకు డబ్బు పెట్టింది ప్రభుత్వ సంస్థ అయిన నేషనల్ ఐ ఇన్‌స్టిట్యూట్. 2011లో ఫలితం వచ్చింది: ఒకే పద్ధతిలో ఇస్తే, ఏడాది తరువాత చూపు విషయంలో రెండూ సమానమే.

కంపెనీల వైపు మాట బొత్తిగా లేకపోలేదు. సిరంజిల్లోకి పంచేటప్పుడు శుభ్రత తప్పితే కన్నే పోవచ్చు. పైగా, షుగరు వల్ల రెటీనా వాచినవారిపై 2015లో వెలువడిన అధ్యయనంలో, చూపు బాగా తగ్గినవారికి మొదటి ఏడాది అవాస్టిన్ కంటే ఖరీదైన అఫ్లిబర్సెప్టే ఎక్కువ మేలు చేసింది. కాబట్టి పేదవానికి చౌకదే చాలునని చేతులు దులుపుకోవడం కూడా అన్యాయమే.

కానీ తన ఖరీదైన సరుకును చౌక సరుకుతో పోల్చి చూడమని ఏ వ్యాపారి కోరుకుంటాడు? నానో మందును కూడా పాత ఇంజెక్షను పక్కన పెట్టి, ప్రజల డబ్బుతోనే పరీక్షించవలసి వస్తుందేమో. అప్పుడు చూపుతోపాటు మరొకటి కూడా లెక్క వేయాలి: ఏడాదికి ఎన్ని ప్రయాణాలు తప్పాయి, మందు ఖరీదు పోను ఆ ఇంటికి మిగిలినదెంత అని.